ఉత్తుత్తి భక్తుల క్యూ

తిరుపతిలో ఏ దినపత్రిక జిల్లా పేజీ తిప్పినా ఏడాది పొడవునా ఒక చిన్న వార్త తప్పదు. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, తలనీలాలు ఎందరు సమర్పించారు, హుండీ ఆదాయం ఎంత, కంపార్ట్‌మెంట్లు ఎన్ని నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది. వైకుంఠం రెండో క్యూ కాంప్లెక్స్‌లో 31 కంపార్ట్‌మెంట్లూ నిండి వరస బయటికొచ్చి శిలాతోరణం దాకా పోయిందంటే, ఆటో స్టాండు నుంచి లాడ్జి కౌంటరు దాకా ఊరంతటికీ ఆ రోజు ఎట్లా గడుస్తుందో ముందే తెలిసిపోతుంది. ఒక వ్యవస్థ మీద పడే భారాన్ని ఇంత పద్ధతిగా రోజూ కొలిచి, అచ్చువేసి, జనం నోళ్లలో నానబెట్టే ఊళ్లు అరుదు. ‘కొండ మింద జనం ఎట్లుండారప్పా?’ అని అడిగేవాడు తనకు తెలియకుండానే ఈ అధ్యాయంలోని మొదటి ప్రశ్న వేస్తున్నాడు.

పత్రికల అంకెల్లోకి ఎక్కని క్యూ ఇంకొకటుంది. నెలనెలా, ముందుగా ప్రకటించిన తేదీన, ఉదయం పది గంటలకు తిరుమల తిరుపతి దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది, అదీ సుమారు మూడు నెలల ముందుగా. చెన్నైలో, బెంగళూరులో, డాలస్‌లో, పలమనేరులో జనం తొమ్మిదిన్నరకే ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. సైటు వాళ్లను వర్చువల్ క్యూలో నిలబెట్టి, ఇంకా ఎంతసేపు ఆగాలో చూపిస్తుంది. కంపార్ట్‌మెంట్లలో రోజంతా పరుచుకునే ఒత్తిడి ఇక్కడ కొన్ని నిమిషాల్లోకి కుదించుకుపోతుంది.

ఆర్జిత సేవల సంగతి చూడండి. సుప్రభాతం, తోమాల వంటి వాటికి లక్కీ డిప్ ఉంది. రెండు రోజుల పాటు ఎప్పుడైనా పేరు నమోదు చేసుకోవచ్చు, ముందొచ్చినవాడికి లాభం లేదు. కాబట్టి పదింటికే ఎగబడాల్సిన పని లేదు. దేవుడు అదే, భక్తులు వాళ్లే, సైటు అదే. నియమం మారితే భారం ఆకారం మారిపోయింది. కంప్యూటర్లు కొనకుండా భారం తగ్గించే ఉపాయాల్లో ఇంతకంటే చవకైనది నాకు కనబడలేదు. దీని విలువ తిరుపతికి చాలా చేదుగా తెలిసొచ్చింది. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నగరంలోని కౌంటర్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. తర్వాతి వైకుంఠ ఏకాదశికి, అంటే 2025 డిసెంబర్ 30 నుంచి, మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్ డిప్ ద్వారా ఇచ్చారు.

ముందొచ్చినవాడికి ముందు అనే పద్ధతి ఉన్నంతకాలం మాత్రం ఆ పది గంటల నిమిషాన్ని తట్టుకోగలమా అని ముందే పరీక్షించుకోక తప్పదు. ఆ పరీక్షే లోడ్ టెస్టింగ్. మనుషులకు బదులు ఒక ప్రోగ్రాం వేలమంది ఉత్తుత్తి భక్తులను పుట్టించి సైటు మీదికి తోలుతుంది. వాళ్లను వర్చువల్ యూజర్లు అంటారు.

ఎంతమందిని పుట్టించాలో చెప్పడానికి ఒక సూత్రం ఉంది. అమెరికాలో కేస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో దానికి నిరూపణ ప్రచురించాడు. లోపల ఉన్నవాళ్ల సంఖ్య అంటే, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు లోపల గడిపే సమయంతో గుణిస్తే వచ్చేది. రోజుకు 70,000 మంది కొండెక్కి ఒక్కొక్కరు 12 గంటలు క్యూలో ఉంటే, ఏ క్షణంలో చూసినా క్యూలో 35,000 మంది ఉంటారు. సైటుకూ ఇదే లెక్క. సెకనుకు వందమంది వస్తూ, లాగిన్ నుంచి డబ్బు కట్టేదాకా ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడితే, లోపల ఒకేసారి 30,000 మంది ఉంటారు. ఐదు నిమిషాలు ఎందుకంటారా? ఆధార్ కార్డు బీరువాలో ఉంటుంది. అత్తగారి వయసు ఎవరికీ కచ్చితంగా గుర్తుండదు.

ఇంతవరకూ తేలికే. అసలు చిక్కు ఈ 30,000 మంది సైటుతో జరిపే సంభాషణలో ఉంది.

బ్రౌజరు ఒక రిక్వెస్ట్ పంపుతుంది, సర్వర్ ఒక రెస్పాన్స్ ఇస్తుంది. అక్కడితో తెగింది. వెబ్‌ను నడిపే హెచ్.టి.టి.పి. అనే ఒడంబడికను టిమ్ బెర్నర్స్-లీ రూపొందించినప్పుడు దానికి జ్ఞాపకం అనే అవయవం పెట్టలేదు. రెండో రిక్వెస్ట్ వచ్చేసరికి మొదటిది పంపింది ఎవరో సర్వర్‌కు తెలియదు. కాగితాలు చదువుకునే భౌతికశాస్త్రవేత్తలకు ఆ మతిమరుపుతో పేచీ రాలేదు. అంగడి పెట్టాలన్నవాళ్లకు వచ్చింది. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి దానికి కుకీ అనే విరుగుడు కనిపెట్టాడు. సర్వర్ తన రెస్పాన్స్‌తో పాటు ఒక చిన్న చీటీ ఇస్తుంది. బ్రౌజరు దాన్ని దాచుకుని, ఆ సైటుకు పంపే ప్రతి రిక్వెస్ట్‌కూ జతచేసి చూపిస్తుంది. గుర్తుపెట్టుకునే భారం అతిథి మీద పడింది.

కాలినడకన కొండెక్కినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. శ్రీవారి మెట్టు దారిలో వెళ్లేవాళ్లు కింద తీసుకున్న టోకెన్‌ను మెట్ల మీద ఒకచోట స్కాన్ చేయించుకోవాలి. చేయించుకోకపోతే పైన అది చెల్లదు. కింద కౌంటరులో కూర్చున్నాయన పైన గేటు దగ్గరున్నాయనకు ఫోన్ చేసి ‘నీలం చొక్కా ఆయన వస్తా ఉండాడు, వదలండి’ అని చెప్పడు. సమాచారమంతా భక్తుడి జేబులో ప్రయాణిస్తుంది. ఒక మజిలీలో తీసుకున్నది తర్వాతి మజిలీలో చూపాలి. అక్కడ పడిన ముద్రతో ఆపై మజిలీకి పోవాలి. వెబ్‌లో టికెట్ కొనడం అచ్చంగా ఇంతే, మజిలీలు మాత్రం ఎక్కువ.

అలాంటి ఒక బుకింగ్ సైటును ఊహించుకుందాం. ఫోన్ నంబరు ఇవ్వగానే సర్వర్ ఒక లావాదేవీ సంఖ్య ఇస్తుంది. ఓటీపీతో పాటు ఆ సంఖ్యను తిరిగి పంపితే సెషన్ గుర్తు వస్తుంది. క్యాలెండర్ తెరిస్తే ఏ తేదీలో ఏ వేళకు ఖాళీలున్నాయో, ఒక్కో వేళకు ఒక గుర్తింపు సంఖ్యతో వస్తాయి. ఒకటి ఎంచుకుంటే ఆ సీట్లను కాసేపు పట్టి ఉంచినట్టు ఇంకో సంఖ్య. వివరాలు నింపే ఫారంలో కంటికి కనిపించని ఒక రహస్య విలువ దాగి ఉంటుంది. ఈ ఫారం మా సైటు నుంచే వచ్చిందని, మరెవరో దొంగచాటుగా పంపింది కాదని సర్వర్ దాన్నిబట్టి రూఢి చేసుకుంటుంది. చివరకు చెల్లింపు సంఖ్య. బ్రౌజరు వీటన్నిటినీ మనకు తెలియకుండా మోసుకుపోతుంది. ఉత్తుత్తి భక్తుడికి బ్రౌజరు లేదు. అతడి జేబును మనమే కుట్టాలి.

కొత్తగా ఈ పనిలోకి దిగిన కుర్రవాడు ఏం చేస్తాడంటే, తాను ఒకసారి టికెట్ కొంటూ ఆ సంభాషణను రికార్డు చేస్తాడు. ఆ రికార్డింగును పదివేల మంది పేరిట ఒకేసారి ప్లే చేస్తాడు. అందులో నిన్నటి సెషన్ గుర్తు, నిన్నటి రహస్య విలువ, నిన్న ఎంచుకున్న వేళ సంఖ్య అట్లాగే అతుక్కుని ఉంటాయి. పదివేల మందీ ఒకే పాత టోకెన్ నకళ్లు పట్టుకుని గేటు దగ్గరకు వచ్చారన్నమాట.

సర్వర్ అప్పుడు గోల చేయదు. మర్యాదగా లాగిన్ పేజీకి తిప్పి పంపుతుంది. ఆ లాగిన్ పేజీ చక్కగా, వేగంగా వచ్చేస్తుంది. సర్వర్ దాని మీద 200 అనే సంఖ్య వేస్తుంది. వెబ్ భాషలో దానికి ‘అంతా సవ్యం’ అని అర్థం. టెస్టింగ్ పరికరం ఆ సంఖ్యను చూసి పచ్చ గుర్తు పెడుతుంది. పదివేల మంది, సగటు స్పందన సెకనులో పదో వంతు, తప్పులు సున్నా! మీటింగులో చప్పట్లు కొడతారు. నిజానికి ఒక్క టికెట్టూ అమ్ముడుపోలేదు. డేటాబేస్ నిద్రలేవనే లేదు. లోడ్ టెస్టింగ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ అనుమానించేది ఎర్ర గుర్తుల్ని కాదు, ఇలాంటి పచ్చ గుర్తుల్నే. విఫలమైన పరీక్ష కనీసం నిజం చెబుతుంది.

దీనికి మందును ఈ వృత్తిలో కోరిలేషన్ అంటారు. హైదరాబాద్ అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి ఇంటర్వ్యూలకు తిరిగినవాళ్లెవరినైనా అడగండి, ‘కోరిలేషన్‌కూ పారామీటరైజేషన్‌కూ తేడా ఏమిటి?’ అనే ప్రశ్న ఎన్నిసార్లు ఎదురైందో చెబుతారు. లోడ్‌రన్నర్ అనే ఖరీదైన పరికరం ఆ మాటలను వాడుకలోకి తెచ్చింది. దాన్ని మెర్క్యురీ అనే కంపెనీ తయారుచేస్తే, 2006లో హెచ్.పి. ఆ కంపెనీనే కొనేసింది. ఉచితంగా దొరికే జెమీటర్ మాత్రం స్టెఫానో మాజోక్కి అనే ఇటాలియన్ చేతిలో పుట్టి 1998లో బయటికొచ్చింది. ఇప్పటికీ అపాచీ ఫౌండేషన్ నీడలో బతుకుతోంది. డబ్బు పెట్టలేని చిన్న జట్లకు అదే దిక్కు.

ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు చిన్నదే. భక్తుడు ఇంటి నుంచి తెచ్చుకునేవి కొన్ని: ఫోన్ నంబరు, పేరు, వయసు. వీటిని ఒక ఫైల్లో వరసగా రాసిపెట్టి ఒక్కొక్కరికి ఒక్కో వరస పంచుతాం. అది పారామీటరైజేషన్. సర్వర్ దారిలో చేతికిచ్చేవి కొన్ని. వాటిని ముందే రాసిపెట్టలేం, వచ్చిన రెస్పాన్స్‌లోంచే ఏరుకోవాలి. అది కోరిలేషన్. పాఠాల్లో తరచూ మరిచే మూడో రకం ఒకటుంది. బ్రౌజరు తనంతట తానే లెక్కకట్టి పంపేవి: ఇప్పటి సమయం, ఏదో యాదృచ్ఛిక సంఖ్య, కొన్నిసార్లు మిగతా విలువలన్నిటినీ కలిపి కట్టిన సంతకం. ఇవి ఏ రెస్పాన్స్‌లో వెతికినా దొరకవు. వెతుకుతూ పగళ్లూ రాత్రులూ పోగొట్టుకున్నవాళ్లున్నారు. సైటు జావాస్క్రిప్ట్ తిరగేసి, ఆ లెక్క ఎట్లా కట్టిందో తెలుసుకుని, ఉత్తుత్తి భక్తుణ్ణి నడిపించే మన స్క్రిప్టులోనూ అట్లాగే కట్టాలి.

ఏది ఏ రకమో తేల్చడానికి పాతదే కానీ బలమైన పద్ధతి ఉంది. ఒకే పనిని రెండు వేర్వేరు ఖాతాలతో రెండుసార్లు రికార్డు చేసి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మారనివి వదిలేయొచ్చు. మారిన ప్రతి విలువనూ ఎక్కడ పుట్టిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. నాలుగో రిక్వెస్ట్‌లో పంపిన సంఖ్య రెండో రెస్పాన్స్ మధ్యలో ఎక్కడో కనిపిస్తుంది. దొరికాక, దాని ముందూ వెనకా ఏ అక్షరాలుంటాయో చెప్పి, మధ్యలోది తీసి ఒక పేరు కింద దాచమని పరికరానికి చెబుతాం. జెమీటర్‌లో ఈ పనిచేసేదాన్ని ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. ఆ తర్వాతి రిక్వెస్ట్‌లో పాత విలువ ఉన్నచోట డాలర్ గుర్తు వేసి, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఆ పేరు రాస్తాం. విలువ దొరకని పక్షంలో ‘దొరకలేదు’ అనే మాటే విలువగా నిలిచేట్టు పెట్టుకోవడం మంచి అలవాటు. అప్పుడు తర్వాతి రిక్వెస్ట్ మొహం చూడగానే ఎక్కడ తెగిందో తెలుస్తుంది. దానితో పాటు, వచ్చిన పేజీలో ఉండాల్సిన మాట నిజంగా ఉందా అని ప్రతి మజిలీలోనూ సరిచూసే నియమం పెట్టాలి. 200ను నమ్మి మోసపోవడం ఆగేది అక్కడే.

ఎక్స్‌ట్రాక్టర్‌లో ఒక చిన్న గడి ఉంటుంది. పోలినవి చాలా దొరికితే ఎన్నోది తీసుకోవాలో అందులో రాయాలి. అక్కడ 1 వేస్తే మొదటిది, 0 వేస్తే యాదృచ్ఛికంగా ఏదో ఒకటి. చాలామంది 1 వేసి ముందుకు పోతారు. ఫలితం? క్యాలెండర్‌లో ఖాళీ వేళలు వందలున్నా పదివేల మందీ మొట్టమొదటి వేళ మీదే పడతారు. డేటాబేస్‌లో ఆ ఒక్క వరసకు తాళం పడుతుంది, ఒకరి తర్వాత ఒకరు ఆగుతారు, సైటు చతికిలబడుతుంది. సర్వర్లు చాలలేదని రిపోర్టు రాస్తారు, కొత్త సర్వర్లు కొంటారు. తప్పు ఒక గడిలోని ఒక అంకెది. పోనీ 0 వేస్తే నిజమైనట్టా అంటే అదీ కాదు. శ్రీనివాసుడి భక్తులు యాదృచ్ఛికంగా రోజులు ఎంచుకోరు. శనివారాలు, సెలవులు, పండగ రోజుల మీదే చేతులు పడతాయి. ఆ మొగ్గును స్క్రిప్టులోకి ఎక్కించాలంటే ప్రోగ్రామింగ్ కంటే తిరుపతిలో పుట్టిపెరిగిన జ్ఞానం ఎక్కువ పనికొస్తుంది.

జేబు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. జెమీటర్‌లో ప్రతి వర్చువల్ యూజరూ ఒక థ్రెడ్. ఎక్స్‌ట్రాక్టర్ దాచే వేరియబుల్ ఆ థ్రెడ్ సొంతం, పక్క థ్రెడ్‌కు కనిపించదు. అందరికీ కనిపించేవి వేరే ఉన్నాయి, వాటిని ప్రాపర్టీలంటారు. లాగిన్ ఒక థ్రెడ్ల గుంపులో, బుకింగ్ మరో గుంపులో పెట్టుకున్నవాళ్లు విలువను ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు దాటించాలంటే ప్రాపర్టీని వాడాలి. అది ఒక్కటే అరుగు. దాని మీద వెయ్యిమంది తమ సెషన్ గుర్తులు పెడితే, చివర పెట్టినవాడిదే మిగులుతుంది. మిగతా 999 మందీ అతగాడి వేషంలో టికెట్లు కొనబోతారు. వీలైనంతవరకూ ఒక భక్తుడి యాత్ర మొత్తాన్ని ఒకే థ్రెడ్‌లో ఉంచడం మేలు. ఈ జాగ్రత్తను కొన్ని కొత్త పరికరాలు కట్టుదిట్టం చేశాయి. కె6లో ప్రతి యూజరుకూ జావాస్క్రిప్ట్ ప్రపంచమే విడిగా ఉంటుంది. గాట్లింగ్‌లో సెషన్ అనే వస్తువును మార్చడం కుదరదు, కొత్త విలువ చేర్చిన ప్రతిసారీ కొత్త సెషన్ పుడుతుంది. దాన్ని తిరిగి అందించడం మరిచిపోతే, దాచామనుకున్నది గాలిలో కలిసిపోతుంది.

కుకీలకు ఇంకో పట్టింపు ఉంది. ఏ పేరు గల సైటు ఇచ్చిందో ఆ పేరుకే తిరిగి వెళ్తాయి. దేవస్థానం ఆన్‌లైన్ సేవల వెబ్‌సైటు పేరు 2024 జనవరిలో తిరుపతిబాలాజీ నుంచి టిటిదేవస్థానమ్స్‌కు మారింది. అలా పేరు మారిన ఏ సైటుకైనా పాత స్క్రిప్టులు, వాటిలో రాసుకున్న కుకీలు పనికిరావు. వర్చువల్ క్యూ ఒక పేరు మీద, బుకింగ్ మరో పేరు మీద నడిచేచోట కుకీ ఆ గడప దాటలేదు. క్యూ ఇచ్చిన అనుమతిని చిరునామాలోనే చేర్చి పంపుతారు. అప్పుడు కుకీల సంచీలో వెతికితే లాభం లేదు, దారి మళ్లించిన చిరునామాలో వెతకాలి.

ఇవన్నీ చాదస్తం అనిపిస్తే 2013 అక్టోబర్ 1ని చూడండి. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే సైటు తెరిచింది. పాలసీలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలన్నారు. లక్షల మంది ఆ మొదటి మజిలీలోనే ఇరుక్కున్నారు. మొదటి రోజు బీమా పూర్తిచేసుకోగలిగింది ఆరుగురు. అన్ని భాగాలనూ కలిపి మొదటి నుంచి చివరిదాకా, నిజమైన ఒత్తిడితో పరీక్షించడానికి తగినంత సమయం ఇవ్వలేదని కాంట్రాక్టర్లు ఆ తర్వాత అమెరికన్ కాంగ్రెస్ ముందు చెప్పారు. విడివిడిగా ప్రతి మజిలీ పనిచేస్తుందని చూపడం వేరు, ఒకే మనిషి తన చీటీలతో అన్ని మజిలీలూ దాటగలడని చూపడం వేరు.

ఈ నేర్పుకు చీకటి వైపు కూడా ఉంది. సర్వర్ ఇచ్చిన టోకెన్లను ఏరుకుని, మనిషి చేయి పడకుండా టికెట్ దాకా నడిచే స్క్రిప్టుకు, దళారి వాడే బాట్‌కు సాంకేతికంగా తేడా లేదు. రైల్వే తత్కాల్ టికెట్లను అలా కొల్లగొట్టిన ఎ.ఎన్.ఎమ్.ఎస్. అనే సాఫ్ట్‌వేర్ ముఠాను 2020 జనవరిలో రైల్వే రక్షక దళం బయటపెట్టింది. మనది కాని సైటు మీద, యజమాని అనుమతి లేకుండా లోడ్ టెస్ట్ చేయడం కూడా చట్టవిరుద్ధమే. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాల్సి రావొచ్చు; మోసపు ఉద్దేశంతో చేసినట్టు తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. ‘నేర్చుకోవడానికి చేశాను సార్’ అంటే చెల్లదు. నేర్చుకునేవాళ్లు తమ కంప్యూటర్‌లోనే ఒక చిన్న సైటు నిలబెట్టుకుని దాని మీద ప్రతాపం చూపుకోవచ్చు.

అనుమతి ఉన్నవాళ్లు కూడా అసలు సైటు మీద కాకుండా దాని నకలు మీద పరీక్షిస్తారు. అక్కడ ఓటీపీ ఎస్సెమ్మెస్‌గా పోదు. పరీక్ష కోసం ఒక స్థిరమైన అంకె పెడతారు, లేదా స్క్రిప్టు వెళ్లి అడిగి తెచ్చుకునే చాటు దారి ఉంచుతారు. బ్యాంకు స్థానంలో ఒక ఉత్తుత్తి బ్యాంకు కూర్చుంటుంది. అది వెంటనే జవాబిస్తే మళ్లీ అబద్ధమే. నిజమైన బ్యాంకు తీసుకునే కొన్ని సెకన్ల ఆలస్యాన్ని దానికీ నేర్పాలి. మధ్యలో మనసు మార్చుకుని వెళ్లిపోయే భక్తులూ కొందరుండాలి. వాళ్లు పట్టి ఉంచిన సీట్లు గడువు తీరాక తిరిగి క్యాలెండర్‌లోకి వస్తున్నాయా లేదా అన్నది అలా వదిలేసి పోయేవాళ్లుంటేనే తెలుస్తుంది.

పరీక్ష ముగిశాక అందరూ గ్రాఫుల వైపు పరిగెడతారు. నేనైతే ముందు డేటాబేస్ తెరవమంటాను. రెండువేల టికెట్ల కోటా పెట్టి పదివేల మందిని వదిలితే, అమ్ముడుపోయినవి సరిగ్గా రెండువేలేనా? డబ్బు కట్టినట్టు స్క్రిప్టు రాసుకున్న ప్రతి సంఖ్యకూ అక్కడ ఒక టికెట్ ఉందా? ఆ టికెట్ మీది పేరు, ఆ ఉత్తుత్తి భక్తుడు ఫైల్లోంచి తెచ్చుకున్న పేరే కదా? ఎక్కడైనా ఒకరి డబ్బుకు ఇంకొకరి పేరున టికెట్ పడి ఉంటే రెండు కారణాలే ఉంటాయి. స్క్రిప్టులో ఇద్దరి జేబులు కలిసిపోయి ఉండాలి, లేదా సైటులోనే కలిసిపోయి ఉండాలి. స్క్రిప్టును ఇద్దరే ఇద్దరు యూజర్లతో నెమ్మదిగా మళ్లీ నడిపి, ప్రతి విలువా ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో వరసగా చూడాలి. అక్కడ తేడా కనిపించకపోతే తప్పు సైటుదని అనుమానించి, యూజర్లను పదులకు, వందలకు పెంచుతూ ఎన్నో మనిషి దగ్గర పేర్లు కలవడం మొదలైందో పట్టుకోవాలి.